కడపలో 'వాక్యం ప్రకారం ఆస్తి పంపకం' ఒకరోజు క్లాసు: పోవచ్చా, వద్దా?

ముందే చెప్పేస్తున్నా, పోవచ్చు. ఐదు స్టార్లకి మూడున్నర ఇస్తా. మిగతా ఒకటిన్నర యాడ కోసినానో కింద వస్తుంది, పెద్ద రివ్యూనే, తీరిగ్గా ఉన్నప్పుడు చదువుకోండి.

కడప టౌన్లో కొన్ని సంఘాలోళ్లు కలిసి అప్పుడప్పుడు శనివారం పూట పెడుతున్న క్లాసు ఇది. ఆస్తి గురించి బైబిల్ ఏం చెప్తాది, చట్టం ఏం చెప్తాది, వీలునామా ఎట్ల రాసుకోవాల, మూడూ ఒకే రోజులో. పొద్దున ఒక రిటైర్డ్ పాస్టరయ్య వాక్యం చెప్తారు, మధ్యాహ్నం ఒక లాయరు సారు చట్టం చెప్తారు, సాయంత్రం కూర్చోబెట్టి ఫారం నింపిస్తారు. జంటకు 400, అందులోనే భోజనం, ఒక చిన్న పుస్తకం. భర్త లేని ఆడవాళ్లకి ఫీజు లేదు, ఎవరూ అడక్కుండానే గేటు దగ్గరే చెప్పేస్తున్నారు, ఇది నాకు బాగా నచ్చింది. నిర్వాహకుల పేరు, హాలు పేరు రాయడం లేదు, నాలుగు తిట్లు కూడా రాస్తున్నా కాబట్టి. కడప చర్చిల్లో ఎవర్నడిగినా చెప్తారు.

మేం నలుగురం పోయినాం, నేను, మా ఆయన, మా అమ్మ, మా వదిన. అన్న రాలేదు, 'దేవుని పేరు మీద ఆస్తుల మాటలేంది, సిగ్గులేకుండా' అన్నాడంట, వదిన మాత్రం మా అందరికంటే ముందు రెడీ అయ్యింది. మాది మైదుకూరు పక్క పల్లె. మా నాయన పోయి చాన్నాళ్లయింది, పొలం పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మా ఊర్లో సగం ఇండ్లల్లో ఇదే కథ, మనిషి సమాధిలో ఉంటాడు, 1బీలో, అంటే భూమి ఎవరిదో చూపించే రెవెన్యూ రికార్డులో, మాత్రం బతికే ఉంటాడు.

పొద్దున సెషన్ చెప్పిన టైముకి మొదలుకాదు, తొమ్మిదిన్నర అంటే పదింబావు అనుకోండి. పాట, ప్రార్థన, మళ్లీ పాట, ఎవరో అతిథికి శాలువా, ఫోటో. నేను ఆరాధనకి వ్యతిరేకం కాదు, కానీ మధ్యాహ్నం లాయరు సారుకి టైము చాలక పరిగెత్తినట్లు చెప్పినాడే, ఆ టైము ఈ శాలువాల్లోనే పోయింది. అర స్టారు ఇక్కడ కట్.

పాస్టరయ్య మైకు పట్టుకున్నాక మాత్రం వేరే లెవల్. మొదలుపెట్టిందే లూకా 12తో. జనంలోనుంచి ఒకాయన, బోధకుడా, పిత్రార్జితంలో నా పాలు నాకు ఇమ్మని మా వానికి చెప్పు అని ఏసయ్యని అడుగుతాడు గదా. మనమైతే ఏమనుకుంటాం, దేవుడే ముందర ఉన్నాడు, న్యాయంగా పంచిపెట్టేస్తాడు అనుకుంటాం. ఆయన పంచాయితీకి కూర్చోలేదు. మీ మీద తీర్పరిగా నన్ను ఎవరు పెట్టినారు అని అడిగి, లోభం గురించి జాగ్రత్త అని చెప్పి, కొట్లు పడగొట్టి ఇంకా పెద్ద కొట్లు కట్టుకుందాం అనుకున్న ధనవంతుడి కథ చెప్పినాడు. అయ్యగారు ఇది చెప్పి, 'అందుకని నేను కూడా మీ పంచాయితీలు చెయ్యను, భోజనాల దగ్గర నా చుట్టూ చేరి మా తమ్ముడు గట్టు జరిపినాడు అని మొదలుపెట్టొద్దండి' అన్నారు. అందరూ నవ్వినారు. భోజనాల దగ్గర చూస్తే ఆయన చుట్టూ ఒక గుంపు, ఒకాయన ఫోన్లో సర్వే నంబరు తీసి చూపిస్తున్నాడు.

ఆయన చెప్పిన దాంట్లో నాకు బాగా పట్టింది ఇది: బైబిల్లో ఈ కాలానికి రెడీమేడ్ పంపకాల పట్టిక లేదు, ఇశ్రాయేలు గోత్రాలకు ఇచ్చిన భూమి లెక్క వేరు, మన మైదుకూరు మెట్టచేను లెక్క వేరు, అక్కడి రూలు తెచ్చి ఇక్కడ అతికించొద్దు, ఆ రూలు ఎవర్ని కాపాడ్డానికి పెట్టినారో అది చూడండి అని. ఇంక పొద్దునంతా అదే పద్ధతిలో ఒక్కో అధ్యాయం తీసుకొని పోయినారు.

సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుర్లు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఐదుమంది ఆడపిల్లలు మోషే ముందర, యాజకుని ముందర, సమాజమంతటి ముందర నిలబడి, మా నాయనకి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఏంటికి పోవాల, మాకు స్వాస్థ్యం, అంటే వారసత్వంగా వచ్చే పాలు, ఇయ్యండి అని అడిగినారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, దేవుని సన్నిధికి తీసుకపోయినాడు, దేవుడు వాళ్లు చెప్పింది కరెక్టే అన్నాడు. ఇదంతా మనకు సండేస్కూల్లో చెప్పిందే. కానీ అయ్యగారు ఇక్కడ నిజాయితీగా ఒక మాట అన్నారు, ఆ ఇంట్లో కొడుకులు లేరు, కాబట్టి ఈ ఒక్క అధ్యాయం చూపించి కొడుకులతో సమానంగా కూతురికి అని సాగదీయలేం అన్నారు. నేను, ఇదేంది ఈయన కూడా మగోళ్ల పక్కే అనుకుంటా ఉండగానే యోబు 42 తీయమన్నారు. యోబుకి మళ్లీ ఏడుమంది కొడుకులు, ముగ్గురు కూతుర్లు పుడతారు, కొడుకులు ఉండగానే కూతుర్లకు అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం ఇచ్చినాడు ఆ తండ్రి. అప్పటికి ఆయన మీద ఏ చట్టమూ బలవంతం చెయ్యలేదు. ఆడపిల్లల పేర్లు మాత్రమే రాసినారు అక్కడ, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు, కొడుకుల పేర్లు లేనే లేవు. ఇన్నేండ్లుగా చదువుతున్నా ఇది నా కంటికి ఆనలేదు.

మధ్యలో ఒక పెద్దాయన లేచి సంఖ్యాకాండం 36వ అధ్యాయం కూడా చదవండి, ఆ సెలోపెహాదు ఆడపిల్లలు సొంతోళ్లనే చేసుకోవాలని ఉంది, అందుకే మనం మేనరికాలు చేసుకుంటాం, ఆస్తి బయటికి పోకుండా అన్నాడు. దానికి అయ్యగారు, పెద్దాయనా, వాళ్లు చేసుకుంది తండ్రి అన్నదమ్ముల కొడుకుల్ని, మన లెక్కలో చిన్నాయన కొడుకులు, అన్నదమ్ములు అవుతారు, మీ ఇంట్లో ఒప్పుకుంటారా అనేసరికి ఆయన గమ్మున కూర్చున్నాడు.

ద్వితీయోపదేశకాండం 21 వచ్చేసరికి హాల్లో పెద్దకొడుకులంతా నిటారుగా అయినారు. జ్యేష్ఠునికి రెండు భాగాలు అని ఉంది కదా. అయ్యగారు 15వ వచనం నుంచి చదివించినారు. ఇద్దరు పెళ్లాలున్న మనిషి, ఒకామె ఇష్టం, ఒకామె అంటే పడదు, పడనామె కొడుకు ముందు పుట్టినాడు, ఇష్టమైనామె కొడుక్కి పెద్దరికం రాసేయొద్దు, ఇదీ అక్కడి మాట. అంటే తండ్రి మోజు చొప్పున పంపకం జరగకుండా వేసిన కంచె అది, పెద్దోళ్లు బుగ్గలు ఊదుకోడానికి కాదు. పెద్దోడే అమ్మానాయన్ని చూసుకుంటా ఉంటే ఆయనకి ఒక పాలు ఎక్కువ రాయండి, తప్పు లేదు, కానీ దాన్ని నోటితో చెప్పండి, ఎందుకు ఇస్తున్నారో మిగతా పిల్లలకి వినపడేట్లు చెప్పండి అన్నారు. ఇది మా ఆయనకు తగిలింది, ఆయన ఇంటికి పెద్దోడు, ఎవర్నీ చూసుకోడు.

లేవీయకాండం 25, భూమిని శాశ్వతంగా అమ్మగూడదు, భూమి నాది, 50వ యేట ఎవరి స్వాస్థ్యం వాళ్లకు తిరిగి పోవాల అనే భాగం. ఇది చెప్పేటప్పుడు ఆయన డీకేటీ పట్టాలు, అంటే సర్కారు పేదోళ్లకి ఇచ్చిన అసైన్డ్ భూముల మాట, ఎత్తినారు, ఈ పోలిక నేను యాడా వినలేదు. అసైన్డ్ భూమి వారసులకు దిగుతుంది గానీ ఇష్టమొచ్చినట్లు అమ్ముకోడానికి లేదని 1977లో చట్టం పెట్టినారు, 2023లో దాన్ని కొంత సడలించినారు. పేదోడి చేతిలో భూమి ఒక తరంలోనే జారిపోకూడదు అనే భయం రెండింట్లోనూ ఉంది అన్నారు. అవసరానికి అమ్ముకునేటోని బాధ తెలియకుండా చెప్తున్నారు అని నా వెనకాల ఒకామె గొణిగింది, ఆమె చెప్పేదీ నిజమే.

తప్పిపోయిన కుమారుడి కథ మీద కొంచెం చర్చ నడిచింది. తండ్రి బతికుండగానే పంచి ఇచ్చినాడు గదా, మనమూ అట్ల ఇయ్యొచ్చా అని. మరియాపురం వైపు నుంచి వచ్చిన ఒక క్యాథలిక్ పెద్దాయన, మా బైబిల్లో సీరా గ్రంథం 33లో ఊపిరి ఉన్నంత వరకూ ఆస్తి ఎవరికీ అప్పజెప్పొద్దు, చివరి రోజు పంచు అని ఉంది అన్నాడు. పక్కనోళ్లు అది మా బైబిల్లో లేదు అని మొదలుపెట్టినారు గానీ అయ్యగారు తెలివిగా, ఆదికాండం 25 మీ ఇద్దరి బైబిళ్లలోనూ ఉంది కదా అని దాంట్లోకి పోయినారు. అబ్రాహాము మిగతా కొడుకులకు తను బతికుండగానే బహుమానాలిచ్చి దూరంగా పంపించినాడు, తనకు కలిగిందంతా ఇస్సాకుకి ఇచ్చినాడు. తర్వాత కొట్లాట రాకుండా ముందే తేల్చేసినాడు అని. ఆ పంపినోళ్లకి ఎట్లుండిందో అని మా వదిన నా చెవిలో అడిగింది, దానికి జవాబు ఎవరూ చెప్పలేదు.

భోజనం గురించి ఎక్కువ రాసేదేం లేదు. వెజ్ బిర్యానీ, పెరుగు చట్నీ, ఒక లడ్డు. కడపలో పెట్టుకొని కనీసం సంగటి ముద్ద పెట్టొచ్చు గదా.

మధ్యాహ్నం లాయరు సారు. ఈ సెషన్ కోసమే పోవాల మీరు. ఒక బోర్డు, ఒక మార్కర్, అంతే. మొదట్లోనే ఆయన బాంబు వేసినాడు, 'మీలో తాతల ఆస్తి మీద పుట్టుకతో హక్కు ఉంది అనుకునేవాళ్లు చేతులెత్తండి' అన్నాడు, మగోళ్లంతా ఎత్తినారు. క్రైస్తవులకి అట్లాంటిది లేదు అన్నాడు. మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం, దాంట్లో ఉమ్మడి కుటుంబం, పుట్టుకతో వాటా అనేవి లేవు, ఎవరి పేరున ఉంటే అది వాళ్లదే, బతికినంత కాలం అమ్ముకోవచ్చు, ఎవరికైనా రాసుకోవచ్చు. రాయకుండా పోతేనే చట్టం వచ్చి పంచుతుంది.

దీనికి ఆయన చెప్పిన కేసు మన పక్కదే, బళ్లారిది. మాథ్యూ అబ్రహాం అని ఒక క్రైస్తవుడు, సారా కాంట్రాక్టుల్లో బాగా సంపాదించినాడు, 1842లో వీలునామా లేకుండా చనిపోయినాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ వచ్చి, మేము ఉమ్మడి కుటుంబం, హిందూ చట్టం ప్రకారం నాకు రావాల అన్నాడు, భార్య షార్లెట్ కాదనింది. కొట్లాట లండన్లో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిషోళ్ల కాలంలో మన కేసులకి ఆఖరి కోర్టు, దాకా పోయి 1863లో తేలింది, మతం మారినోన్ని పాత ఉమ్మడి కుటుంబ చట్టం బలవంతంగా కట్టేయదు అని. మన రాయలసీమ ఇంటి తగాదా దేశమంతా చదువుకునే కేసు అయ్యింది చూడండి, కొట్లాటల్లో మనల్ని కొట్టేటోళ్లు లేరు.

ఇంక లెక్క. భర్త వీలునామా లేకుండా పోతే, పిల్లలుంటే భార్యకు మూడింట ఒక వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకు కూతురు తేడా లేదు, పెళ్లయిందా కాలేదా అనే తేడా లేదు. బోర్డు మీద తొమ్మిది ఎకరాలు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు వేసినాడు. భార్యకి మూడు, ఒక్కో బిడ్డకి రెండు. భార్య ముందు పోతే భర్తకీ ఇదే లెక్క. పిల్లల్లేకపోతే, భర్త తరఫు బంధువులుంటే భార్యకి సగం. హాల్లో ఒకాయన, కట్నం ఇచ్చినాం గదా సార్, అది వాటా కిందికి రాదా అన్నాడు. రాదు అన్నాడు సారు, కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం, నేరం చేసి దాన్ని వాటాలో కోసుకుంటా అంటే ఏ జడ్జి ఒప్పుకుంటాడు అన్నాడు. నేను చప్పట్లు కొట్టాలనుకున్నా, మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

ఆడబిడ్డల్ని పిలిపించి, సంతకం పెట్టమ్మా, ఊరికే ఫార్మాలిటీ అని హక్కు విడుదల పత్రం రాయించుకోవడం గురించి కూడా ఆయన మొహమాటం లేకుండా మాట్లాడినాడు. మన ఇండ్లల్లో బైబిల్ ప్రతి ఆదివారం తెరుస్తాం, పంపకాల రోజు మాత్రం ఊరి కట్టుబాటు తెరుస్తాం. పసుపు కుంకుమ పెట్టుకోని ఇండ్లల్లో కూడా పసుపు కుంకుమ కింద అర ఎకరా ఇచ్చినాం అంటారు, ఆ అర ఎకరాతో నోరు మూపిస్తారు. ఈ మాట సారు అనింది కాదు, నేనే అంటున్నా. కేరళలో కూడా ఒకప్పుడు ట్రావెన్కోర్ క్రైస్తవ ఆడబిడ్డలకి 1916 నాటి సంస్థానం చట్టం కింద నామమాత్రమే వచ్చేది, మేరీ రాయ్ అనే ఆమె సుప్రీంకోర్టు దాకా పోయి 1986లో గెలిచింది, వాళ్లకీ ఈ 1925 చట్టమే వర్తిస్తుందని కోర్టు తేల్చింది. మనకి ఇక్కడ ఆ అడ్డం కూడా లేదు, చట్టం మొదట్నుంచీ మన పక్కనే ఉంది, అడిగేటోళ్లే లేరు.

మా వదిన అడిగిన ప్రశ్న ఆ రోజుకంతా ముఖ్యమైంది. సార్, మామ బతికుండగానే మొగుడు పోతే మామ ఆస్తిలో కోడలికి ఏమొస్తుంది అని. సారు ఒక్క క్షణం ఆగి, మీకు నేరుగా ఏమీ రాదమ్మా, మీ పిల్లలకి వాళ్ల నాయన వాటా వస్తుంది, పిల్లల్లేకపోతే అదీ లేదు అన్నాడు. హిందూ చట్టంలో అయితే అట్లాంటి కోడలికి వాటా ఉంది. ఇంకోటి కూడా చెప్పినాడు, పిల్లలున్న కొడుకు రాయకుండా చనిపోతే వాని ఆస్తిలో వాళ్లమ్మకి రూపాయి రాదు, మన చట్టంలో, హిందూ చట్టంలో తల్లికి భార్యాపిల్లలతో పాటు వస్తుంది. ఇది వినేసరికి ముసలమ్మలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కూతురికి సమానం ఇచ్చిన చట్టమే తల్లిని, కోడల్ని వదిలేసింది.

ఇక్కడ నాకు క్లాసు నిజంగా నచ్చింది, ఏంటికంటే పాస్టరయ్య మళ్లీ లేచి మైకు తీసుకొని రూతు చెప్పినారు. కొడుకు చనిపోయిన ఇంట్లో మిగిలిన అత్తా కోడలు, వాళ్లిద్దరి కోసం వాళ్ల చుట్టం బోయజు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల్ని కూర్చోబెట్టి పొలం విడిపించినాడు. సిలువ మీద ఉండి కూడా ఏసయ్య తన తల్లిని శిష్యునికి అప్పజెప్పినాడు. సొంత ఇంటివాళ్లని చూసుకోనోడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అని 1 తిమోతి 5లో ఉంది. చట్టం యాడ వదిలేసిందో అక్కడ వీలునామాతో మీరు పూడ్చండి అన్నారు. వాక్యమూ చట్టమూ ఆ ఒక్క చోట అట్ల కలిసినాయి, మిగతా రోజంతా దేని దారి దానిదే. క్లాసు మొత్తం ఇట్లనే నడిపితే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని.

వీలునామా గురించి చెప్పినవి అన్నీ రాయను, పుస్తకంలో ఉన్నాయి. పనికొచ్చేవి కొన్ని. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాల, ఆ సాక్షులకి గానీ వాళ్ల భార్యకో భర్తకో గానీ దాంట్లో ఏమైనా రాసి ఉంటే అది చెల్లదు, కాబట్టి అల్లుడిని సాక్షిగా పెట్టి కూతురికి రాస్తే గోవిందా. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దయిపోతుంది, ఇది హాల్లో ఎవరికీ తెలీదు, రెండో పెళ్లి చేసుకున్న ఒకాయన గబగబా రాసుకున్నాడు. క్రైస్తవులు వీలునామాకి ప్రొబేట్, అంటే కోర్టు నుంచి ధ్రువీకరణ, తెచ్చుకోవాల్సిన పని 2002 సవరణతో పోయింది. బతికుండగానే ఇల్లు పిల్లలకి గిఫ్ట్ సెటిల్మెంట్ చేసేటప్పుడు, మమ్మల్ని చూసుకోవాల అనే షరతు పత్రంలోనే రాయించుకోండి, చూడకపోతే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి పోయి దాన్ని రద్దు చేయించుకోవచ్చు అన్నాడు. హిజ్కియా రాజుతో ప్రవక్త నీ ఇల్లు చక్కబెట్టుకో అన్న మాట పుస్తకం అట్ట మీద వేసినారు, బాగుంది. యిర్మీయా 32 కూడా పుస్తకంలో ఉంది, ఆ ప్రవక్త అనాతోతు పొలం 17 తులాల వెండికి కొని, సాక్షుల్ని పెట్టి, ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి ఉన్నది ఒకటి, రెండూ మట్టికుండలో పెట్టించినాడు. ప్రవక్తలే కాపీలు దాచుకున్నారు, మనం ఒరిజినల్ దస్తావేజులు చుట్టాల బీరువాల్లో పెడతాం.

ఇంక కోతలు. పెద్ద కోత సర్టిఫికెట్ల విషయంలో. మన దగ్గర చాలా ఇండ్లల్లో చర్చి రిజిస్టర్లో ఒక మతం, కాలేజీ సర్టిఫికెట్లో ఇంకో మతం. ఎస్సీ హోదా 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే, క్రైస్తవుడు అని రాస్తే బీసీ-సీ, అందుకని జనం ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు, తప్పు పట్టేదానికి నేనెవర్ని. కానీ అట్లాంటి మనిషి రాయకుండా చనిపోతే పంపకం ఏ చట్టం కింద? తల్లికి వాటా ఉంటుందా ఉండదా? హిందువుగానే ఉన్న పెదనాయన ఆస్తి దిగేటప్పుడు, మతం మారినాక పుట్టిన పిల్లలకి వస్తుందా? హిందూ వారసత్వ చట్టంలో దీనికి సెక్షన్ 26 ఉంది, అట్లా పుట్టిన పిల్లలకి హిందూ బంధువుల ఆస్తి రాదు, వాళ్లు ఆ టైముకి హిందువులుగా ఉంటే తప్ప. ఒక కుర్రోడు లేచి సరిగ్గా ఇదే అడిగినాడు. సారు, అది విడిగా మాట్లాడుకుందాం అన్నాడు. ఎందుకు విడిగా? హాల్లో సగం మంది సమస్య అది. పేర్లు చెప్పకుండా, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా పది నిమిషాలు చెప్పొచ్చు. కనీసం, ఏ చట్టం కింద పోయినా కూతురికి సమాన వాటా ఉంది, మన రాష్ట్రంలో హిందూ ఆడబిడ్డలకి కూడా 1986లోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు పెట్టినారు, కాబట్టి చట్టం మార్చి చూపించి ఆడబిడ్డని తప్పించలేరు అనే ఒక్క మాటైనా అనాల్సింది. అర స్టారు పోయింది.

ఇంకో అర స్టారు చివర్లో పంచిన కవరు మీద. ఫారంతో పాటు ఒక కవరు ఇచ్చినారు, మీ వీలునామాలో దేవుని పనికి కూడా ఒక భాగం రాయండి అని. రాసుకునే వాళ్లు రాసుకోవచ్చు, నాకు దాంతో తగాదా లేదు. ఒకప్పుడు క్రైస్తవులు చర్చికో ధర్మానికో రాయాలంటే దగ్గరి బంధువులుంటే చావుకి కనీసం 12 నెలల ముందే రాసి ఉండాల అని అడ్డమైన రూలు ఉండేది, జాన్ వల్లమట్టం అనే ఫాదరు కేసు వేస్తే 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మంచిదే అయ్యింది. కానీ పొద్దున్నుంచీ అయ్యగారు మార్కు 7 చెప్పకుండా ఈ కవరు ఇవ్వడం నాకు నచ్చలేదు. అమ్మానాయనకు పెట్టాల్సింది కొర్బాను, దేవునికిచ్చేసినా అని తప్పించుకునేటోళ్లని ఏసయ్య ఎంత గట్టిగా తిట్టినాడు అక్కడ. ఆ వాక్యం చదివించి, ముందు తల్లి, భార్య, బిడ్డలు, చూసుకునేటోళ్లు లేని కోడలు, వీళ్లకి రాసినాక మిగిలితే మాకు రాయండి అని చెప్పి ఉంటే నేనే మొదట ఆ కవరు తీసుకునేదాన్ని. పైగా ముసలోళ్ల చేత ఇది నింపిస్తా ఉన్నది వలంటీర్ పిల్లకాయలు, సొంత బిడ్డలు పక్కన లేరు.

ఫారం మాత్రం మంచి ఫారం. సర్వే నంబరు, పట్టా ఎవరి పేరు, బ్యాంకు, బంగారం, అప్పులు, ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారు, అన్నింటికీ గడులు. 'ఈ ఇంట్లో ఎవరికి మీరు లేకపోతే గడవదు' అనే గడి ఒకటుంది, దాని దగ్గర మా అమ్మ చాలాసేపు ఆగింది, తర్వాత వదిన పేరు రాయించింది. అక్షరాలు మరీ చిన్నవి, కళ్లద్దాల్లేకుండా మా అమ్మకి ఒక్క లైను కనపడలేదు, ఈసారి పెద్దగా ప్రింటు వేయించండి.

దీని తర్వాత వీలునామా రాయించే సర్వీసు కూడా ఉంది, కావాలంటే తీసుకోవచ్చు. డ్రాఫ్టుకి 1500 తీసుకుంటారు, లాయరు సారు దగ్గరుండి చదివి వినిపిస్తాడు. మేం తీసుకున్నాం, మా అమ్మ తన మూడో వంతు కోసం. మా నాయన వాటాలు చట్టం ప్రకారం ఇప్పటికే మా అందరివీ అని ఆ రోజే తెలిసింది కాబట్టి మొదట తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తర్వాత మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, ఆ తర్వాతే అమ్మ వీలునామా అని వరుస చెప్పినాడు. రిజిస్ట్రారాఫీసు బయట డాక్యుమెంట్ రైటర్లు ఇంతకన్నా తక్కువకే రాస్తారు, నిజమే, కానీ వాళ్లు అందరికీ ఒకే మ్యాటరు కొడతారు, పేర్లు మారుస్తారు అంతే. ఇక్కడ మా వదిన విషయం అడిగి మరీ రాసినాడు, ఇంట్లో ఒక గది, చేను ఫలసాయంలో ఒక పాలు ఆమె బతికినంత కాలం అనుభవించేట్లు. డబ్బులకు న్యాయం జరిగింది.

మా అన్నకి కోపం ఇంకా తగ్గలేదు. మ్యుటేషన్ అర్జీ మీద మాత్రం సంతకం పెట్టినాడు.

పోవాలనుకునేవాళ్లకి, ఒంటరిగా పోవద్దు, తోడబుట్టినోళ్లని లాక్కొని పోండి, భార్యాభర్తలు మాత్రమే పోతే ఇంటికొచ్చి మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది, చెప్పినా నమ్మరు. నిర్వాహకులు ఇది చదివితే ఒక మాట, కడపలోనే కాకుండా బద్వేలు, జమ్మలమడుగు, మైదుకూరుల్లో కూడా పెట్టండి, పంట కోతల టైములో కాకుండా. పోయేటప్పుడు పాసుపుస్తకం, 1బీ, ఆధార్లు, చనిపోయినోళ్ల డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు ముందే తీయించుకొని పోండి, ఆ వీధిలో ఒకటే జిరాక్సు షాపు, మధ్యాహ్నం మూసేస్తాడు.